చలి ఆపేసిన జన్యువు: పోయిన ఎపిసోడ్‌కి ఒక సవరణ

పోయిన ఎపిసోడ్‌లో నేనొక మాట ధీమాగా చెప్పేశాను. చలికి డీఎన్ఏ మీది మిథైల్ గుర్తులు చెరిగిపోతాయి, అందుకే మొక్క పూతకొస్తుంది అని. అది 1993 నాటి మాట. ఆ తర్వాత జరిగింది వదిలేశాను.

క్యాబేజీ మన ఊళ్లలో గడ్డ కడుతుంది గానీ మామూలుగా పూతకు రాదు. దానికి వారాల తరబడి చలి తగలాలి. అందుకే దాని విత్తనం కులూ లోయలాంటి చల్లటి చోట్ల పండిస్తారు. అదే ఆవాల కుటుంబంలోని చిన్న కలుపుమొక్క అరాబిడాప్సిస్. కాన్‌బెర్రాలోని సీఎస్ఐఆర్ఓలో ఎలిజబెత్ డెన్నిస్, జిమ్ పీకాక్ బృందం దానికి మిథైల్ గుర్తుల్ని తగ్గించే 5-అజాసైటిడిన్ అనే మందు ఇచ్చి చూసింది. ఆలస్యంగా పూసే రకాలు చలి లేకుండానే ముందుగా పూశాయి! చలి పని కూడా ఇదేనన్నమాట, అనుకున్నారు. ఎవరైనా అలాగే అనుకుంటారు.

1999లో ఆ బృందమూ, అమెరికాలో రిచర్డ్ అమాసినో బృందమూ విడివిడిగా ఒకే జన్యువు దగ్గరికి చేరాయి. కాన్‌బెర్రావాళ్లు ఎఫ్ఎల్ఎఫ్ అన్నారు, చివరికి అమెరికావాళ్ల ఎఫ్ఎల్‌సీ పేరే నిలిచింది. ఇది పూయించే జన్యువు కాదు, పూతకు అడ్డం కూర్చునే జన్యువు. చలి దాన్ని ఆపేస్తుంది. వింత ఏంటంటే, మళ్లీ ఎండలొచ్చి, కణాలు ఎన్నిసార్లు విడిపోయినా అది ఆగే ఉంటుంది. 2000లో ఆస్ట్రేలియా మొట్టమొదటి ప్రధానమంత్రి సైన్స్ బహుమతి డెన్నిస్, పీకాక్‌లకే వచ్చింది.

మరి మిథైల్ గుర్తుల సంగతి? 2004లో తేలిందేంటంటే, చలి వేసే తాళం డీఎన్ఏ మీద కాదు, డీఎన్ఏ చుట్టుకుని ఉండే హిస్టోన్ ప్రోటీన్ల మీద. అక్కడా మిథైల్ గుర్తులే, అందుకే నాలాంటివాళ్లు తికమకపడతారు. 2005లో సీఎస్ఐఆర్ఓలోనే జీన్ ఫినెగన్ (అవును, పేరే జీన్) బృందం లెక్క తేల్చింది: డీఎన్ఏ మీద గుర్తులు తగ్గినా ఎఫ్ఎల్‌సీ తగ్గుతుంది, చలికీ తగ్గుతుంది, కానీ రెండూ వేర్వేరు దారులు. మందు ఇంకో దారిలో అదే ఇంటికి చేరిందన్నమాట. తమ సంస్థలోనే పుట్టిన ఊహని తామే సరిదిద్దుకున్నారు. నాకు బహుమతి కన్నా ఇదే గొప్పగా అనిపిస్తుంది.

ఇంకొకటి. విత్తనం తయారయ్యేలోపు ఈ తాళం తీసేసి ఉంటుంది, పిల్లమొక్క మళ్లీ తన చలి తాను చూడాల్సిందే. శీతాకాలపు గోధుమ స్వభావాన్ని తరతరాలకీ మార్చేశానని సోవియట్ రష్యాలో చెప్పుకున్న లైసెంకో గురించి ఎపిసోడ్ చివర్లో మాట్లాడాను కదా, ఆ భాగంలో ఇది చెప్పి ఉండాల్సింది.

ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఆ వాక్యం మార్చాను. ఆడియో మాత్రం పాతదే.