ఎర బంటుతో ఆరంభం.. హంపి, దివ్య తొలి ఆట డ్రా

అరకులోయ: మహిళల చదరంగ ప్రపంచకప్ ఫైనల్ తొలి ఆట 2025 జులై 26న జార్జియాలోని బటూమిలో జరిగింది. నాగ్‌పూర్‌కు చెందిన దివ్య దేశ్‌ముఖ్ తెల్లపావులతో, తెలుగు గ్రాండ్‌మాస్టర్ కోనేరు హంపి నల్లపావులతో తలపడ్డారు. హంపి ‘క్వీన్స్ గాంబిట్ యాక్సెప్టెడ్’ను ఎంచుకున్నారు. ఈ ప్రారంభంలో ఇరువురూ రాణి ముందరి బంటును రెండు గళ్లు జరుపుతారు. ఆపై తెలుపు పక్క బంటును ఎరగా నిలుపగా, నలుపు దానిని చంపుతుంది. ఫలితంగా బల్ల నడుమ తెలుపుకు పట్టు చిక్కుతుంది. గెలిచిన బంటును అంటిపెట్టుకుంటే నలుపుకే ముప్పు. దానిని వదిలి, పావులను త్వరగా బయటికి తీయాలి. చదరంగం నేర్చే మన్యం విద్యార్థులు గమనించదగిన సూత్రమిది.

ఆట 41 ఎత్తుల్లో డ్రాగా ముగిసింది. 28న టైబ్రేక్‌లో దివ్య 2.5-1.5తో కప్పు గెలిచి గ్రాండ్‌మాస్టర్ అయ్యారు. 2002లో హంపి ఆ హోదా పొందేనాటికి దివ్య జన్మించనేలేదు.