ఎల్లా కెలాగ్ ప్రయోగశాల

ఎల్లా ఈటన్ కెలాగ్ 1920లో చనిపోయింది. ఆమె స్మృతిలో వచ్చిన పుస్తకంలో భర్త డాక్టర్ జాన్ హార్వీ కెలాగ్ ఒక మాట ఒప్పుకున్నాడు. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని బేటిల్ క్రీక్ అనే ఊరికి పేరు తెచ్చిన ఆహార పరిశ్రమలన్నీ, నేరుగానో చుట్టుతిరిగో, 1883లో ఆమె పెట్టిన ప్రయోగాల వంటగది నుంచే వచ్చాయనీ, ఆ వంటగది లేకపోతే అవేవీ లేవనీ అన్నాడు. అప్పటికి వాళ్ళ పెళ్ళై నలభై ఒక్కేళ్ళు. ధాన్యాన్ని రేకులుగా చేసే పద్ధతికి పేటెంటు వచ్చి ఇరవై నాలుగేళ్ళు. 1896 నాటి ఆ పేటెంటు మీద ఉన్నది ఒక్క పేరే, ఆయనది.

భార్యల ప్రతిభను గుర్తించడానికి భర్తలు ఎంచుకునే ముహూర్తాల గురించి ఎవరైనా విడిగా ఒక వ్యాసం రాయాలి.

నేను గ్రనోలా చరిత్రలోకి వెళ్ళింది సూపర్ మార్కెట్ దారిన. ఓట్సు, గింజలు, తేనె కలిపి కరకరలాడేలా వేయించిన ఈ ఉదయపు తిండి ఇప్పుడు హైదరాబాదులో ఎక్కడైనా దొరుకుతోంది. కొన్ని పేకెట్ల మీద 'హోమ్ మేడ్' అని ఉంటుంది. స్త్రీల ఆత్మకథల మీద పరిశోధన చేసినదాన్ని కాబట్టి 'ఇల్లు' అన్న మాట కనిపిస్తే ఆగిపోవడం అలవాటు. ఎవరి ఇల్లు? చేసిందెవరు? వెతుకుతూ పోతే నూట ఎనభై ఏళ్ళకు పైగా వెనక్కి వెళ్ళాల్సి వచ్చింది.

అక్కడ మొదట ఎదురైనవాడు సిల్వెస్టర్ గ్రాహమ్. పొట్టు తీయని గోధుమపిండే ఆరోగ్యమని ఊరూరా ప్రచారం చేసిన ప్రబోధకుడు. రొట్టె గురించి 1837లో ఒక పుస్తకం రాశాడు. బజారు రొట్టెల్లో కల్తీ గురించి అతను చెప్పినదాంట్లో నిజం ఉంది. కానీ అతని పరిష్కారం ఏమిటంటే, రొట్టె ఇంట్లోనే చేయాలి, అదీ ఇల్లాలే చేయాలి, పనివాళ్ళకు అప్పజెప్పకూడదు. పిండి కలిపే చేతిలో తల్లి ప్రేమ ఉండాలట. పరిశ్రమలు పుట్టుకొస్తున్న కాలంలో, ఇంటి బయట చెడుతున్న ప్రతిదాన్నీ ఇంట్లో ఉన్న ఆడమనిషి సరిచేయాలన్న వాదం ఇంత స్పష్టంగా రాసిపెట్టినవాళ్ళు తక్కువ.

అతని పిండితోనే 1863లో న్యూయార్క్ రాష్ట్రంలోని డాన్స్‌విల్ ప్రకృతి వైద్యశాలలో డాక్టర్ జేమ్స్ కేలబ్ జాక్సన్ 'గ్రాన్యులా' తయారుచేశాడు. గ్రాహమ్ పిండిని నీళ్ళతో కలిపి, పలకలుగా కాల్చి, విరగ్గొట్టి, మళ్ళీ కాల్చి, పొడిగొట్టడం. అది ఎంత గట్టిదంటే రాత్రంతా పాలలో నానబెడితే తప్ప పొద్దున నమలలేరు. దాని గురించి చదివినప్పుడు నాకు తొలి ఏకాదశి పేలపిండి గుర్తొచ్చింది. జొన్నలు పేలాలుగా వేయించి, దంచి, బెల్లం కలిపి మనం చేసుకునేది. రెంటికీ చుట్టరికం లేదు. కానీ ధాన్యాన్ని పొడివేడి మీద ముందే ఉడికించి దాచుకుంటే తర్వాత పొయ్యి వెలిగించకుండా తినొచ్చన్న తెలివి ఏ ఒక్క డాక్టరుదీ కాదు. పేలపిండికి కర్త పేరు లేదు, పేటెంటూ లేదు.

అయితే డాన్స్‌విల్‌ను అంత తేలిగ్గా తీసిపారేయలేను. జాక్సన్ బానిసత్వ నిర్మూలన కోసం పనిచేసినవాడు. ఆ వైద్యశాలలో డాక్టర్ హేరియట్ ఆస్టిన్ అనే స్త్రీ ఉండేది. నడుము నొక్కేసే కార్సెట్లనూ నేల ఊడ్చే గౌన్లనూ వదిలి, పొట్టి గౌను కింద ప్యాంటు వేసుకోమని రోగులకు చెప్పేది, తానూ అదే వేసుకునేది. అమెరికన్ రెడ్‌క్రాస్ స్థాపించిన క్లారా బార్టన్ నలిగిపోయి ఆ ఊరు చేరి, 1876 నుంచి పదేళ్ళు అక్కడే ఉంది. అంటే 'ఆరోగ్యం' అన్న మాట అప్పుడు స్త్రీలకు ఊపిరి పీల్చుకునే చోటు కూడా. మాటలకు ఒకే చరిత్ర ఉండదు.

సెవెన్త్‌డే అడ్వెంటిస్టు సంఘం వ్యవస్థాపకుల్లో ఒకరైన ఎలెన్ వైట్ 1864లో డాన్స్‌విల్ వెళ్ళి చూసింది. రెండేళ్ళకు ఆమె సంఘం బేటిల్ క్రీక్‌లో ఒక ఆరోగ్య కేంద్రం తెరిచింది. 1876లో యువ డాక్టర్ కెలాగ్ దాని బాధ్యత తీసుకుని శానిటేరియంగా మార్చాడు. గోధుమ, ఓట్సు, మొక్కజొన్న పిండ్లు కలిపి కాల్చి పొడిచేసి, దానికీ గ్రాన్యులా అనే పేరు పెట్టాడు. జాక్సన్ అభ్యంతరం చెప్పడంతో 1880ల తొలినాళ్ళలో ఒక్క అక్షరం మార్చి 'గ్రనోలా' అన్నాడు. పేరు కోసం ఇద్దరు మగవాళ్ళు తగువులాడిన ఈ కథ ప్రతి పుస్తకంలోనూ ఉంటుంది.

ఎల్లా ఎక్కడుంది? ఆమె 1872లో ఆల్‌ఫ్రెడ్ విశ్వవిద్యాలయంలో పట్టా పుచ్చుకుంది, పందొమ్మిదేళ్ళకు. 1876లో బంధువుల్ని చూడటానికి బేటిల్ క్రీక్ వచ్చి, టైఫాయిడ్ ప్రబలితే రోగులకు సేవ చేయడానికి ఉండిపోయింది. మూడేళ్ళకు పెళ్ళి. శానిటేరియం తిండి తినలేక రోగులు మొరపెట్టుకుంటుంటే, మాంసం, మసాలా లేకుండా నోటికి రుచించేలా ఎలా వండాలో తేల్చే పని ఆమెది. 1892లో 'సైన్స్ ఇన్ ది కిచెన్' అనే పెద్ద గ్రంథం వేసింది. రచయితగా 'మిసెస్ ఇ. ఇ. కెలాగ్, ఎ. ఎం.' అని వేసుకుంది. ఇంటిపేరు భర్తది, డిగ్రీ మాత్రం తనది. ధాన్యంలో ఏముంది, ఎంత నీటికి ఎంత గింజ, ఏ గింజ ఎంతసేపు ఉడకాలి అని ఒక శాస్త్రగ్రంథం రాసినట్టే రాసింది. వంటపాఠశాల నడిపింది. సొంత పిల్లలు లేరు గానీ నలభై మందికి పైగా పిల్లల్ని ఇంట్లో పెంచింది. ఆ నలభై మంది పనీ ఎవరు చేశారన్నది ఇంకో ప్రశ్న.

స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' మా తరం పరిశోధకులకు ఒక పద్ధతి నేర్పింది. చరిత్ర ఎవర్ని 'సాయం చేసింది' అని ఒక్క ముక్కలో సరిపెడుతుందో వాళ్ళను అడగమని. ఎల్లా గురించి చాలాచోట్ల ఉండేది ఆ 'సాయం చేసింది'.

కెలాగ్ ఆరోగ్యం అనే మాటకు ఇంకో ముఖం కూడా ఉంది. 'ప్లెయిన్ ఫ్యాక్ట్స్' అనే పుస్తకంలో ఆయన, ఆడపిల్లల్లో స్వయంతృప్తి 'జబ్బు'ను ఆపడానికి యోనిశీర్షానికి కార్బాలిక్ యాసిడ్ పూయమని సలహా ఇచ్చాడు. 1914లో బేటిల్ క్రీక్‌లోనే 'జాతి మెరుగుదల' జాతీయ సదస్సు పెట్టాడు. చప్పటి తిండితో కోరికల్ని అదుపు చేయడం, శరీరాల్ని వడపోయడం, జాతుల్ని వడపోయడం ఆయనకు ఒకే కార్యక్రమం. అదే ఊళ్ళో, బానిసగా పుట్టి స్వేచ్ఛ కోసం, స్త్రీల హక్కుల కోసం గొంతెత్తిన సొజర్నర్ ట్రూత్ చివరి ఏళ్ళు గడిపి 1883లో చనిపోయింది. ఎల్లా వంటగది తెరిచిన ఏడే అది. ఓక్ హిల్ శ్మశానంలో ట్రూత్ సమాధీ కెలాగ్‌ల సమాధులూ ఒకే ఆవరణలో ఉన్నాయి.

మనమిప్పుడు తినే తియ్యని ఓట్స్ గ్రనోలా 1960లలో, అమెరికా యువతరం తిరుగుబాటులో మళ్ళీ పుట్టింది. 1969లో వుడ్‌స్టాక్ సంగీతోత్సవంలో హాగ్ ఫార్మ్ కమ్యూన్ వాళ్ళు జనానికి కప్పుల్లో పంచారు. నాలుగు లక్షల మందికి పడకలోనే ఫలహారం అని మైకులో వేవీ గ్రేవీ అన్న మాట అందరికీ గుర్తుంది. న్యూయార్క్ వెళ్ళి ఓట్సూ గోధుమలూ బేరం చేసి తెచ్చిన లీసా లా ఎంతమందికి తెలుసు? కొద్ది ఏళ్ళకే పెద్ద కంపెనీలు గ్రనోలాను డబ్బాలకెక్కించాయి.

ఆ దశాబ్దపు పుస్తకాల్లో నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది 1976 నాటి 'లారెల్స్ కిచెన్'. రచయితల్లో ఒకరు కేరల్ ఫ్లిండర్స్. తులనాత్మక సాహిత్యంలో డాక్టరేటు, నా బోటిదే. అందులో 'తాళంచెవుల సంరక్షకురాలు' అని ఒక వ్యాసం ఉంది. పరిశ్రమల తిండినుంచి భూమినీ కుటుంబాన్నీ కాపాడే శక్తి ఇంట్లో ఉండి వండే స్త్రీ చేతిలో ఉందన్నది సారాంశం. స్త్రీవాదులు దీన్ని గట్టిగా విమర్శించారు. 1986లో పుస్తకాన్ని తిరగరాశారు. ఫ్లిండర్స్ తర్వాత 1998లో స్త్రీవాదానికీ ఆధ్యాత్మికతకీ మధ్య తన నలుగుబాటు గురించే ఒక పుస్తకం రాసింది. ఆమెను తేలిగ్గా కొట్టిపారేయడం నాకు కుదరలేదు. బొడ్లో తాళాల గుత్తి దోపుకున్న అత్తగార్ల ఇళ్ళు మనకు తెలుసు. ఆ గుత్తి అధికారమే, కానీ గది దాటని అధికారం. ఫ్లిండర్స్ చెప్పిన భయం నిజం, కార్యభారం పడిన చోటు తప్పు. గ్రాహమ్‌ది కూడా అంతేగా.

ఇంతా చెప్పి నేను ఇంట్లో చేసుకుంటాను. రోల్డ్ ఓట్సు మూడు కప్పులు, లేదా సగానికి జొన్న అటుకులు. పల్లీలు, నువ్వులు, గుమ్మడి గింజలు కలిపి ఒక కప్పు. పావు కప్పు తేనె లేక పల్చటి బెల్లం పాకం, అంతకు కాస్త తక్కువ నూనె, చిటికెడు ఉప్పు. నూటయాభై డిగ్రీల వేడిలో అరగంట, మధ్యలో రెండుసార్లు కదపాలి. ఓవెన్ లేకపోతే మందపాటి మూకుడు, సన్నసెగ. కిస్‌మిస్‌లు దించాకే, ముందే వేస్తే మాడి చేదెక్కుతాయి. వేడిమీద మెత్తగా ఉందని కంగారుపడి ఇంకా వేయించొద్దు, చల్లారితేనే కరకరలాడుతుంది. 'ఆరోగ్యం' అంటే ఇక్కడ ఒకటే, తీపీ నూనే ఎంత పడుతున్నాయో మన కంటికి కనబడటం. బెల్లం వేసినా అది చక్కెర కుటుంబమే, పుణ్యం ఏమీ రాదు.

ముందూ వెనకా గిన్నెలతో కలిపి యాభై నిమిషాలు పడుతుంది, పది రోజులకు సరిపోతుంది. మా ఇంట్లో ఈ యాభై నిమిషాలు వంతులవారీ. ఈ వారం నాది కాదు.