పుట్టలో పాలు, కలుగులో ఎలుక

పంచతంత్రం అయిదో భాగంలో ఉన్న ముంగిస కథ మనందరికీ తెలుసు. తెలుసనే అనుకుంటాం. ఉయ్యాల్లో బిడ్డ, పక్కన పెంపుడు ముంగిస. తల్లి నీళ్ళకెళుతుంది. పాము వస్తే ముంగిస దాన్ని చంపి, నెత్తురోడుతున్న మూతితో గుమ్మం దాకా ఎదురొస్తుంది. బిడ్డని తినేసిందనుకుని తల్లి బిందె దాని మీద పడేసి చంపుతుంది. ‘తొందరపాటు తగదు’ అని చివర్లో నీతి. నేను చదువుకున్న వాచకంలో ఇంతే ఉండేది. తొందరపాటుకి బొమ్మ వెయ్యమంటే ఎవరైనా చీరె కట్టుకున్న బొమ్మే వేస్తారు కాబోలు.

సంస్కృత పాఠంలో ఇంకొంచెం ఉంది. ఆ తల్లి ముంగిసని ఊరికే పెంచలేదు. పుట్టగానే తల్లిని పోగొట్టుకున్న ఆ కూనకి తన చనుబాలిచ్చి, నూనె రాసి, స్నానం చేయించి కొడుకుతో సమానంగా సాకింది. అయినా జంతువు జంతువే కదా అన్న జాగ్రత్త ఆమెకుంది. అందుకే నీళ్ళకెళ్ళేటపుడు ‘బిడ్డని చూస్తుండు’ అని భర్తకి చెప్పి మరీ వెళ్ళింది. ఆయన భిక్ష కోసం ఇల్లు వదిలేసి పోయాడు. జరగాల్సింది జరిగాక జావగిన్నెతో తిరిగొచ్చిన భర్తని ఆమె నిలబెట్టి కడిగేస్తుంది. నీ అత్యాశ వల్లే కొడుకు చావు చూడాల్సి వచ్చిందంటుంది. ఆ కొడుకు ముంగిసే. ఆమె మాటలోంచే అత్యాశ మీద తర్వాతి కథ మొదలవుతుంది. పంచతంత్రకారుడు ఆమె నోట పెట్టిన ఈ నింద వాచకం దాకా వచ్చేసరికి రాలిపోయింది. చనుబాలూ రాలిపోయాయి. కుండ విసిరిన చెయ్యి మాత్రం మిగిలింది.

అదే కథ నారాయణ పండితుడి హితోపదేశంలో వేరుగా ఉంది. అక్కడ తల్లి స్నానానికెళుతుంది. ముంగిసకి బిడ్డని అప్పజెప్పి శ్రాద్ధ దక్షిణకి పరిగెత్తేదీ, తిరిగొచ్చి దాన్ని చంపేదీ మాధవుడనే బ్రాహ్మణుడే. అంటే మనవాళ్ళకి రెండు పాఠాలూ అందుబాటులో ఉన్నాయి. ఏది ఎంచుకున్నారో చూస్తే చాలు.

ఈ కథ సముద్రాలు దాటింది. 1859లో థియోడర్ బెన్‌ఫే అనే జర్మన్ పండితుడు పంచతంత్ర కథల ప్రయాణాన్ని పట్టి చూపించాడు. ఫ్రాన్సులో లియాన్ పట్నం దగ్గర ముంగిస వేటకుక్కగా మారింది. 13వ శతాబ్దంలో ఎతియెన్ ద బూర్బోఁ అనే క్రైస్తవ సన్యాసి రాసిన దాని ప్రకారం, పాముని చంపి బిడ్డని కాపాడిన ఆ కుక్కని చూసి దాది కేకేసింది, తల్లి కేకేసింది, దొర కత్తి దూసి చంపాడు. తర్వాత జరిగిందే నాకు ముఖ్యం. చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్ళు ఆ కుక్కని గినెఫోర్ అనే పుణ్యాత్ముడుగా కొలవడం మొదలుపెట్టారు. జబ్బు చేసిన పసిపిల్లల్ని దాని గోరీ దగ్గరికి ఎత్తుకెళ్ళారు. సన్యాసికి ఇది మూఢత్వంగా, పాపంగా కనిపించింది. కుక్క ఎముకలు తవ్వించి, అక్కడి చెట్లు నరికించి, అన్నీ కాల్పించాడు. అయినా ఆడవాళ్ళు మానలేదు. ఆరు వందల ఏళ్ళ తర్వాత కూడా, 19వ శతాబ్దంలో, ఆ తోపుకి పిల్లల్ని తీసుకొస్తూనే ఉన్నారు.

బిడ్డ బతకాలన్న భయంతో ఒక జంతువు దగ్గరికి నడిచి వెళ్ళిన ఆడవాళ్ళు. వాళ్ళ గురించి మనకి తెలిసిందల్లా వాళ్ళని మందలించిన మగవాడి రాతలోంచే. మన నాగులచవితి గురించి ఆలోచించినప్పుడల్లా నాకు ఆ తోపు గుర్తొస్తుంది.

మా నెల్లూరు తీరంలో, ముత్తుకూరు చుట్టుపక్కల, కార్తీక శుద్ధ చవితి నాడు తెల్లారకముందే తడిబట్టలతో ఆడవాళ్ళు పుట్టల దగ్గర చేరతారు. పాలు, చలిమిడి, చిమ్మిలి, వడపప్పు. పుట్టమన్ను తీసి పిల్లల చెవులకి పెడతారు. ఆ మొక్కుల్లోంచి పుట్టినవాళ్ళే మన వీధుల్లోని నాగమణులు, నాగేశ్వరరావులు, సుబ్బమ్మలు. పుట్ట కట్టింది చెదపురుగులు, అందులో కాపురం పాముది, పూజ ఆడవాళ్ళది.

పాము పాలు తాగదు. ఇది ఇప్పుడు చిన్నపిల్లలకి కూడా తెలుసు. పాలిచ్చి పెంచే జాతి కాదు కనక పాలు అరిగించుకునే ఏర్పాటు దాని ఒంట్లో లేదు. దాని తిండి ఎలుకలు, కప్పలు, గుడ్లు, తొండలు, ఒక్కోసారి సాటి పాములు. నమలదు, మొత్తంగా మింగుతుంది. ఒకసారి మింగితే రోజుల తరబడి దానికి తిండి ధ్యాస ఉండదు. చలికి తినదు. కుబుసం విడిచే ముందు కళ్ళు పాలపొర కమ్మినట్టు తెల్లబడతాయి, చూపు మందగిస్తుంది, అప్పుడూ తినదు. పాము అలిగిందనీ పగబట్టిందనీ మనం చెప్పుకునే వింత చేష్టల్లో చాలావాటికి అర్థం ఇంతే.

మరి పండగకి బుట్టలో తెచ్చిన పాము మన కళ్ళ ముందే పాలు తాగుతుంది కదా? ముందు కొన్ని వారాలు దానికి చుక్క నీళ్ళివ్వరు. కోరలు పీకేస్తారు, కొన్నిటికి నోరు కుట్టేస్తారు. దాహంతో చచ్చేది ఏ తడి దొరికినా తాగుతుంది. ఆ పాలు ఊపిరితిత్తుల్లోకి పోయి పండగ తర్వాత చచ్చిపోయేవి ఎన్నో.

హేతువాదులు ఇది చెప్పి ఆగిపోతారు. ఆడవాళ్ళ అజ్ఞానం అని ఒక మాట కూడా కలుపుతారు. పిల్లలు పుట్టకపోతే ‘నాగదోషం’ అని పేరు పెట్టి ఆ దోషాన్ని ఎవరి జాతకంలో వెతికారో మాత్రం అడగరు. గొడ్రాలు అనే మాట ఉంది, దానికి మగజోడీ మాట నోటికి రాదు. పోయిన జన్మలో పాముని చంపిన పాపం ఈ జన్మలో ఆమె గర్భాన్ని కట్టేసిందన్నారు. ఆమె దగ్గర పొలం లేదు, డబ్బు లేదు. ఉన్నది వంటిల్లు, ఆ వంటింట్లో పాలగిన్నె. ఇంట్లో అందరి కోపాలూ తిండి పెట్టి తీర్చడమే ఆమెకి నేర్పిన పని. పాము కోపాన్నీ అలాగే తీర్చబోయింది. పైగా లోకం ఆమెని ఎగతాళి చేసే మాట కూడా అక్కడి నుంచే తీసుకుంది. పాముకి పాలు పోసి పెంచినట్టు అంటాం కదా.

ఇందులో ఇంకో సంగతి ఉంది. పుట్ట దగ్గర అందరూ పాలే పొయ్యరు. చాలా కులాల ఆడవాళ్ళు పుట్టలో కోడిగుడ్డు వేస్తారు. నాగుపాము గుడ్లు తింటుంది. పాలు ‘సాత్వికం’ అనీ గుడ్డు ‘నీచు’ అనీ మనం పెట్టుకున్న మెట్లని పాము ఎక్కదు. దాని తిండికి దగ్గరగా వచ్చింది ఆ గుడ్డు వేసిన చెయ్యే. చవితి మీద వచ్చే వ్యాసాల్లో, పూజావిధానాల్లో పాల గురించే ఎక్కువ ఉంటుంది. రాసింది ఎవరో తెలుస్తూనే ఉంది.

అసలు తిండి సంగతి తెలిసినవాళ్ళు ఇంకొంచెం అవతల, ఊరి బయట ఉన్నారు. నెల్లూరు తీరపు యానాదులు. నెల్లూరు మొలగొలుకుల వడ్లు పండిన కాలంలో మళ్ళ గట్లన్నీ ఎలుకల కలుగులే. ఎలుక వెన్నులు కొరికి లోపల దాచుకుంటుంది. యానాది మగవాడూ ఆడమనిషీ కలిసి వెళ్ళేవాళ్ళు. అడుగున చిల్లి ఉన్న కుండలో గడ్డి కుక్కి నిప్పు పెట్టి, మూతి కలుగుకి ఆనించి, చిల్లిలోంచి నోటితో ఊది పొగ లోపలికి పంపాలి. మిగిలిన కన్నాలన్నీ ముందే మట్టితో మూసెయ్యాలి. ఉక్కిరిబిక్కిరైన ఎలుకల్ని తవ్వి తీస్తారు. లోపల దాచిన వడ్లు కూడా వాళ్ళవే. చెరిగి దంచుకునేది ఆడవాళ్ళు. రైతుకి పంట దక్కేది, యానాదికి ఎలుకలూ ఆ గింజలూ. అదే కూలి. ఎలుక ఉన్నచోట ఎలుకని తినే పాము ఉంటుంది కనక ఏ కలుగులో ఏముందో అంచు నునుపునీ మట్టి మీది జాడనీ చూసి చెప్పగలగాలి. చెప్పలేకపోతే చెయ్యి పోతుంది. ముత్తుకూరు దగ్గర ఒక పెద్దామెని పాముకి పాలు పోస్తారా అని అడిగాను. ఆమె నవ్వింది. ‘‘పాము పాలు తాగేదేందమ్మా? దానికి కావాల్సింది ఎలకల బొక్కలోనే ఉండాది గదా. నాకు కావాల్సిందీ ఆడే ఉండాది. ఇద్దరం ఒకే కూటికి పోతాం’’ అంది.

ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో అచ్చయిన తన కులాలూ తెగల సంపుటాల్లో యానాదుల మీద చాలా పేజీలు రాశాడు. అందులోని విభాగాలు చూడండి. రెడ్డి యానాదులు, చల్లా యానాదులు, అడవి యానాదులు, కప్పల యానాదులు. ఎవరి ఇంట్లో పనిచేస్తారు, ఎక్కడుంటారు, ఏం తింటారు అన్నదాన్ని బట్టి పేర్లు. నెయ్యి తినేవాళ్ళని నేతి ఫలానా అని ఏ గెజిటీరూ వర్గం కట్టలేదు. అంతకుముందే, 1835లో, వంటచెరకు కోసం శ్రీహరికోట దీవిని కుంఫిణీ సర్కారు చేతుల్లోకి తీసుకుంది. అక్కడి యానాదులు అడవి సరుకు ఏరి సర్కారుకిచ్చే కూలీలయ్యారు. 1960ల చివర రాకెట్ కేంద్రం కోసం మళ్ళీ వాళ్ళనే దీవి నుంచి కదిలించారు. నెల్లూరు యానాదుల మీద నేరస్త తెగల చట్టం కూడా పడింది. ఆ చట్టం 1952లో దేశమంతటా రద్దయింది. వెన్నెలకంటి రాఘవయ్య గారు వీళ్ళ కోసం పోరాడారు, 1962లో వాళ్ళ మీద పుస్తకమే రాశారు. ఈ రాతలన్నిట్లో యానాది స్త్రీ అక్కడక్కడ కనిపిస్తుంది, ఎక్కువగా పెళ్ళి, మారుమనువు, బట్ట గురించి చెప్పే చోట. కలుగు ముందు కూర్చుని మట్టి చదివే మనిషిగా ఆమెని రాసేందుకు ఎవరికీ తీరిక దొరకలేదు.

పొరుగున ఉన్న ఇరుళుల కథ ఇంకో మలుపు తిరిగింది. చెంగల్పట్టు ప్రాంతంలో వాళ్ళు చర్మాల వ్యాపారులకి పాముల్ని పట్టిచ్చి బతికేవాళ్ళు. 1972లో వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చింది, ఆ తర్వాత పాము చర్మాల ఎగుమతి ఆగింది. బతుకు పోయింది. 1978లో రోములస్ విటేకర్ చొరవతో, మహాబలిపురం దగ్గర వడనెమ్మేలిలో, ఇరుళ పాములవాళ్ళ సహకార సంఘం ఏర్పడింది. పట్టిన పాముల్ని మట్టికుండల్లో ఉంచి మూతికి గుడ్డ కడతారు. కొన్ని వారాల్లో కొన్నిసార్లు విషం తీసి, పొట్ట పొలుసు కత్తిరించి గుర్తు పెట్టి, మళ్ళీ అడవిలో వదిలేస్తారు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. ఈ నాలుగింటి విషం గుర్రాలకి ఎక్కించి మన దేశంలో విరుగుడు మందు తయారుచేస్తారు. దానికి కావాల్సిన విషంలో చాలా భాగం ఈ కుండల్లోంచే వచ్చింది. సంఘంలో ఆడవాళ్ళూ ఉన్నారు. 2023లో ఇద్దరు ఇరుళులకి పద్మశ్రీ ఇచ్చారు, ఇద్దరూ మగవాళ్ళే. వాళ్ళకి ఇవ్వడం న్యాయమే, అందులో నాకు పేచీ లేదు.

ఆ మందు ఎవరి కోసం? 2000 నుంచి 2019 వరకు దేశంలో పాముకాటుతో పన్నెండు లక్షల మంది, అంటే ఏటా సగటున 58 వేల మంది, చనిపోయారని 2020లో వచ్చిన అధ్యయనం లెక్కగట్టింది. ఎక్కువ చావులున్న రాష్ట్రాల్లో మనదీ ఒకటి. పల్లెల్లో చీకటితో లేచి కట్టెల మోపులో చెయ్యి పెట్టేది, పిడకల గూటిలో వెతికేది, గడ్డి కోసేది ఎవరో మీకు చెప్పనక్కర్లేదు. అందుకే ఇంట్లో జంతువుల చేష్టల్ని చదవడం మన అమ్మమ్మలకి శకునాల సంగతి కానేకాదు. కోళ్ళన్నీ గుంపుగూడి ఒకే మూలకి మెడలు చాచి అరిస్తే, పిల్లి కదలకుండా గడప కిందికి చూస్తుంటే, కుక్క కట్టెల దగ్గరికి పోయి వెనక్కి దుముకుతుంటే, ఆవు కొట్టంలోకి అడుగు పెట్టనని మొరాయిస్తే, దీపం తీసుకెళ్ళి చూశాకే చెయ్యి పెట్టాలి. ముంగిస కథలో ఆ తల్లి కూడా చదవబోయింది. మూతి మీది నెత్తురు ఒక్కటే చదివే వ్యవధి ఆమెకి దొరికింది.

ఇప్పుడు నగరాల్లో గాజుపెట్టెల్లో పరాయిదేశపు కొండచిలువల్ని పెంచేవాళ్ళున్నారు. మన పాముల్ని ఇంట్లో ఉంచుకోవడం నేరం. బయటివాటిని నమోదు చేయించాలని 2022 సవరణ వచ్చింది. వాటికి గడ్డకట్టించిన ఎలుకని కరగబెట్టి, చిమటాతో పట్టుకుని పెడతారు. ఎలుక ముట్టినందుకు వాళ్ళనెవరూ ఊరి బయట ఉండమనరు.

ముత్తుకూరు మండలంలో ఇప్పుడు వరిమళ్ళు చాలా తగ్గాయి. 1990లలో రొయ్యల గుంటలొచ్చాయి, 2008లో కృష్ణపట్నం కొత్త రేవు వచ్చింది, నేలటూరులో థర్మల్ కేంద్రం. గుంట గట్టు మీద ఎలుకకి దాచుకునే వెన్నులు లేవు. ఇరుళులకి నోటితో ఊదే బాధ తప్పించే ఇనుప పొగయంత్రం ఒకటి తయారై 2003లో ప్రపంచ బ్యాంకు బహుమతి తెచ్చుకుంది. ఇక్కడ ఊదడానికి కలుగులే తగ్గిపోయాయి. ఆడవాళ్ళు ఏట్లో పీతలు పడుతున్నారు, రొయ్యల తలలు ఒలిచే కూలికి పోతున్నారు. ఆ పెద్దామె గుడిసె చూరు కింద పొగకుండ ఇంకా ఉంది. అడుగు చిల్లికి గుడ్డపేలిక కుక్కి, గడ్డి పరిచి, అందులో కోడిని పొదగేసింది.