పూలదారి మీద పరుగు

పువ్వును తొడిమ దగ్గర పట్టుకో. రెండో చేత్తో రేకలన్నీ గుప్పిట్లోకి తీసుకుని ఒక్క మెలి తిప్పి లాగు. వచ్చాయా? బుట్టలో వెయ్యి. ఇంకోటి తీసుకో.

నీకు తొమ్మిదేళ్లు. రోముకు ఆగ్నేయంగా, అల్బాన్ కొండల్లో, నేమి సరస్సు ఒడ్డుకు పైన ఉన్న జెంజానో మీ ఊరు. జూన్ నెల, శుక్రవారం మధ్యాహ్నం. ఒక పక్క నాన్నమ్మ, ఇంకో పక్క నీ ఈడు పిల్లలు, ఎదురుగా మోకాలెత్తు కార్నేషన్ పూల గుట్ట. గోళ్ల సందుల్లోకి పసరు దిగి వేళ్లు నల్లబడ్డాయి. ఎర్ర రేకలు ఒక బుట్టలోకి, తెల్లవి ఇంకో బుట్టలోకి. కొండ వాలు నుంచి కోసుకొచ్చిన జినెస్త్రా పూలను విడిగా పోశారు. తంగేడు పువ్వంత పసుపు.

"చెయ్యి ఆపకురా. మూడున్నర లక్షల పూలట. నువ్వు కాకపోతే ఎవరు ఒలుస్తారు?" అంటుంది నాన్నమ్మ.

ఈ ఒలుపుడుకు ఇక్కడ ప్రత్యేకంగా ఒక పేరుంది, స్పెల్లుక్కమెంతో అని. పేరుకు నోరు తిరగకపోయినా పని చిక్కుడుకాయలు ఒలిచినట్టే ఉంటుంది. ముసలివాళ్లు కబుర్లతో ఒలుస్తారు, పిల్లలు పందేలు వేసుకుని ఒలుస్తారు.

బుట్ట నిండింది. నెత్తిన పెట్టుకో, బరువుండదు. పురపాలక భవనం కింద గుహలున్నాయి, అందులోకి దిగు. రెండు మెట్లు దిగేసరికి ఎండ వెనకే ఉండిపోతుంది. ముంజేతుల మీద రోమాలు లేస్తాయి. చీకట్లో ముందు ఏమీ కనపడదు, పూల వాసన మాత్రం ముఖానికి కొడుతుంది. కాసేపటికి కనిపిస్తాయి, వరసలు వరసలుగా బుట్టలు. ఆదివారం దాకా రేక వాడకూడదు. అందుకే ఈ చలి.

శనివారం రాత్రి. చర్చికి ఎక్కే వీధి పొడవునా సుద్దగీతలు. బండ్లు లేవు. దీపాల వెలుగులో మోకాళ్ల మీద మనుషులు, వందల మంది, నేలకు ముఖాలు ఆనించినట్టు వంగి ఉన్నారు. సుమారు రెండు వేల చదరపు మీటర్ల నేల తెల్లారేలోగా పూలతో నిండాలి.

నీకు ఇచ్చింది ఒక పావురం రెక్క. నీ రెండు చేతులూ చాచినంత ఉంటుంది.

రేకల్ని చల్లకు. అద్దు. గీత పక్కన ముందు ముదురు రంగు, ఆ లోపల తెలుపు. రేక మీద సగం రేక, ఇంటి పెంకు మీద పెంకు పేర్చినట్టు. పక్కవాళ్లు ఆకులు నింపుతున్నారు, వాళ్ల గుప్పిట్లోంచి సోంపు వాసన వస్తోంది. అడవి సోంపు ఆకు తరిగి పచ్చరంగుకు వాడతారు. నీ మోకాలి చిప్ప మంట పుడుతోంది. అయినా లేవబుద్ధి కాదు.

మన తెలుగునాట చర్చి విచారణల్లో కూడా పిల్లల చేత పండుగ పనులు చేయిస్తాం. మట్టల ఆదివారానికి ఆకుతో సిలువలు అల్లిస్తాం, క్రిస్మస్‌కు పశువుల పాక కట్టిస్తాం, పునీతుల బొమ్మలకు రంగులు వేయిస్తాం. అవి మంచివే. కానీ ఆ పనిని పిల్లవాడు ఒక్కడే, ఒక బల్ల దగ్గర, గంటలో ముగించేస్తే వాడికి పండుగ సగమే అందిందని నా నమ్మకం. ఇక్కడ చూడు, నీ పక్కన డెబ్బై ఏళ్ల పెద్దాయన ఉన్నాడు. నీ రెక్క ఎక్కడ ఆగుతుందో ఆయన మేఘం అక్కడ మొదలవుతుంది. నువ్వు గీత దాటితే ఆయన పని చెడుతుంది.

"నాన్నమ్మా, ఇంత కష్టపడి చేసింది రేపు తొక్కేస్తారుగా?"

"తొక్కడానికేగా చేసేది. రేపు ఈ దారిన వచ్చేది ఎవరనుకున్నావు?"

వచ్చేది దివ్యసత్ప్రసాదం. పూజలో గురువు ఎత్తిపట్టే ఆ అప్పంలో క్రీస్తే ఉన్నాడని కతోలికుల విశ్వాసం. ఆ అప్పం గుడి దాటి వీధిలోకి వచ్చే పండుగ ఇది. 1264లో నాలుగో అర్బన్ పోపు దీన్ని కతోలిక సభ అంతటికీ పండుగగా ప్రకటించాడు. పూలరేకలతో బొమ్మలు పరచడం తర్వాత వచ్చింది. 1625 జూన్ 29న, పునీత పేతురు పౌలుల పండుగ నాడు, వాటికన్‌లో అలంకరణలు చూసే బెనెదెత్తో ద్రెయి ఆ పని చేశాడు. అక్కణ్ణించి ఆ విద్య ఈ కొండల్లోకి ఎక్కింది. జెంజానోలో 1778 నుంచి పరుస్తున్నారు. ఇన్ఫియొరాతా అంటారు.

ఇంకో చారెడు తెలుపు పడితే రెక్క పూర్తవుతుంది.

నీ మెడ వెనక చల్లగా తగిలింది.

గాలి.

పెద్దాయన తల ఎత్తాడు. పై వీధిలో ఎవరో అరిచారు. రెక్క చివర ఒక రేక లేచింది. పడింది. రెండు లేచాయి.

నీళ్ల పిచికారీ పది అడుగుల దూరంలో ఉంది. వెళ్తే, తిరిగొచ్చేసరికి రెక్క ఉంటుందా? ఇక్కడే ఉండిపోతే, ఎవరు తడుపుతారు? ఆలోచించకు. వంగు. ఒళ్లు అడ్డం పెట్టు. గాలికి వీపు చూపించు. చేతులు నేల మీద ఆన్చకు. మోచేతుల మీద నిలబడు. ఊపిరి మెల్లగా. గట్టిగా వదిలితే నువ్వే చెదరగొడతావు.

కింద తెలుపు. వణుకుతోంది.

"నీళ్లు!" అని అరువు.

అడుగుల చప్పుడు. వీపు మీద తుంపర. మెడ మీద. చెవుల్లో. కదలకు. రేకలు తడిసి నేలకు అంటుకుంటున్నాయి. ఒకటి. ఇంకొకటి. అన్నీ.

గాలి పోయింది.

పెద్దాయన ఏమీ అనడు. తన బుట్టలోంచి గుప్పెడు తెల్ల రేకలు తీసి నీ బుట్టలో వేస్తాడు. ఊడిపోయిన చోట మళ్లీ అద్దు.

ఆదివారం సాయంత్రం ఊరేగింపు వచ్చింది. పందిరి కింద గురువు, చేతుల్లో బంగారు కిరణాల పాత్ర. జనం వీధికి రెండు పక్కలా నిలబడిపోయారు. ఆయన పాదం నీ రెక్క మీద పడినప్పుడు నీ గుండె చేసిన చప్పుడు నీకే వినిపించింది.

ఇప్పుడు సోమవారం సాయంత్రం. సాంతా మరియా దెల్లా చీమా చర్చి మెట్ల మీద ఉన్నావు. ఊళ్లో పిల్లలంతా ఇక్కడే. ముందు పిల్లలు, వెనక పిల్లలు, పక్కటెముకల్లో ఎవరిదో మోచెయ్యి. కింద వీధి పొడవునా పూలు. అంచులు కాస్త వాడాయి, రంగులు ఇంకా ఉన్నాయి. దీన్ని స్పల్లమెంతో అంటారు. పిల్లలు పరుగెత్తుకుంటూ దిగి పూలదారిని చెరిపెయ్యాలి.

నీ రెక్క ఎక్కడుందో నీకు తెలుసు. ఎడమ అంచుకు దగ్గరగా. దూకి దాటొచ్చు. పక్కకు తప్పుకోవచ్చు కూడా.

వెనకనుంచి తోపు. మెట్టు జారింది. నిలదొక్కుకో. కిందకి చూడకు. దిగు. ఆగితే మీద పడతారు. దిగు. ఆఖరి మెట్టు.

పూలు.

మెత్తన. జారుడు. చీలమండ దాకా రంగు. ఎర్ర రేకలు ఎగిరి నోట్లో పడ్డాయి. ఉమ్మెయ్యి. పరుగెత్తు. పెద్దాయన మేఘం. దాటావు.

రెక్క.

ఆగావు. అరక్షణం. వెనకనుంచి కేకలు దగ్గరపడుతున్నాయి. పక్కన నాన్నమ్మ నిలబడి ఉంది, చూస్తోంది. చేతులు రెండూ ముందుకు ఊపుతోంది, పో పో అని.

రెండు కాళ్లతో దూకు. రెక్క నడిమధ్యలోకి.

తెల్ల రేకలు నీ మోకాళ్ల దాకా లేచాయి. నీ వెనక వంద మంది. మొన్న రాత్రి గాలి నుంచి కాపాడిన తెలుపు వాళ్ల ఎరుపులో, పసుపులో, సోంపు పచ్చలో కలిసిపోయింది. వీధి చివరికి వచ్చేసరికి ఊపిరి అందడం లేదు. వెనక్కి తిరిగి చూడు. పావురం లేదు, మేఘం లేదు, రంగురంగుల పొట్టు ఉంది. అందులో చిన్నవాళ్లు ఇంకా పొర్లుతున్నారు.

ఒలవడం, మోయడం, పరచడం అన్నీ ఊరంతా కలిసి చేస్తారు. చెరిపేసే పని మాత్రం పిల్లలదే. దాంతోనే జెంజానోలో పండుగ పూర్తవుతుంది.