చివరి ఇంటి వరకు చేరని హెచ్చరిక: గోదావరి లంకల వరద చరిత్ర – ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

గోదావరి తీరంలో పరిచర్య చేసే కాపరులకు వరద కొత్త విషయం కాదు. ప్రతి ఏటా ఆషాఢ, శ్రావణ మాసాల్లో ఏదో ఒక సంఘం ఆదివారం ఆరాధన మానుకుని గట్టు మీదికి చేరుతూనే ఉంటుంది. అయితే వరదను గురించి మనం మాట్లాడేది సాధారణంగా అది వచ్చి వెళ్లిన తరువాతే. బియ్యం, దుప్పట్లు, వంటపాత్రలు పంచడం దగ్గర మన ఆలోచన మొదలవుతుంది. వరదకు ముందు గడిచే ఒకటి రెండు రోజుల సంగతి అంతగా పట్టించుకోము. ప్రాణాలు నిలిచేదీ పోయేదీ చాలావరకు ఆ వ్యవధిలోనే తేలిపోతుంది.

గోదావరి దిగువ ప్రాంతంలో వరద హెచ్చరిక ఎలా పెరిగిందో, ఎక్కడ ఆగిపోతూ వచ్చిందో ఈ వ్యాసంలో పరిశీలిద్దాం. నూట డెబ్భై ఏళ్లలో నీటిని కొలిచే విద్య ఎంతో ముందుకు వెళ్లింది. ఆ కొలత చివరి ఇంటికి అర్థమయ్యేలా చేర్చే పని మాత్రం నేటికీ మనుషుల చేతుల్లోనే ఉంది. ఈ వ్యాసం ప్రధానంగా చెప్పదలచినది ఇదే.

1. నది స్వభావం

గోదావరి నాసిక్ సమీపంలోని త్ర్యంబకేశ్వరం దగ్గర పుట్టి 1,465 కిలోమీటర్లు ప్రవహిస్తుంది. దాని పరీవాహక ప్రాంతం సుమారు 3.12 లక్షల చదరపు కిలోమీటర్లు. కాళేశ్వరం దగ్గర ప్రాణహిత, దాని దిగువన ఇంద్రావతి, కూనవరం దగ్గర శబరి వచ్చి కలుస్తాయి. కోనసీమలో చినుకు పడకపోయినా విదర్భలో, బస్తరులో కురిసిన వాన కొన్ని రోజుల తరువాత లంకలను ముంచుతుంది. అందువల్ల ఇక్కడ ఆకాశాన్ని చూసి వరదను ఊహించడం సాధ్యం కాదు. పైనుంచి ఎవరో ఒకరు కబురు చెప్పాలి.

కూనవరం దాటిన నది పాపికొండల మధ్య ఇరుకైన దారిలో పడుతుంది. వచ్చే నీరు ఎక్కువై, పోయే దారి చాలనప్పుడు నీరు వెనక్కి ఎగదన్నుతుంది. శబరి పొంగి చుట్టుపక్కల గ్రామాల్లోకి చొరబడేది ఇలాంటప్పుడే. కొండలు దాటి పోలవరం మీదుగా ధవళేశ్వరం చేరిన నది ఆ తరువాత పాయలుగా చీలుతుంది. ఆ పాయల మధ్య ఇసుక, ఒండ్రు పేరుకుని ఏర్పడినవే లంకలు.

2. ఆనకట్ట, ఏటిగట్టు, మిషన్

1830లలో కరువు, తుపాను గోదావరి మండలాన్ని కుంగదీశాయి. 1839 నాటి తుపాను ఉప్పెన కోరంగిని ధ్వంసం చేసింది. ఆ దురవస్థ నేపథ్యంలోనే ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్టను ప్రతిపాదించాడు. 1847లో మొదలైన నిర్మాణం 1852లో పూర్తయింది. ఆనకట్టతోపాటు కాలువలు వచ్చాయి, ఏటిగట్లు బలపడ్డాయి, నీటిమట్టాన్ని కొలబద్ద మీద చూసి రాసిపెట్టే అలవాటు స్థిరపడింది.

తెలుగు సంఘ చరిత్ర కూడా ఈ నీటిపనుల చరిత్రతో పెనవేసుకుని ఉంది. 1836లో వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ నరసాపురం కేంద్రంగా గోదావరి డెల్టా మిషన్‌కు పునాది వేశారు. ఆనకట్ట పనికి చేరిన కూలీల మధ్య కూడా సువార్త పని సాగింది. ఎగువ గోదావరిలో పడవల రవాణా కోసం దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట కట్టించిన ఇంజనీరు హేగ్ ప్రోత్సాహంతోనే, 1860ల నాటికి అక్కడ చర్చి మిషనరీ సొసైటీ వారి కోయ మిషన్ ఏర్పడింది. అదే దుమ్ముగూడెంలో ఇప్పుడు కేంద్ర జలసంఘం వరద మట్టాన్ని కొలుస్తోంది.

ఇక్కడ ఒక సత్యాన్ని గుర్తించాలి. ఏటిగట్టు పంటభూమిని, పట్టణాన్ని కాపాడింది. కానీ లంక ఉన్నది గట్టుకు నది వైపున. గట్టు ఎంత ఎత్తు పెరిగినా లంకవాసికి రక్షణ పెరగదు. పైగా వరద నీరంతా రెండు గట్ల మధ్యనే పోవాలి, అతడి ఇల్లు ఉన్నది కూడా అక్కడే. గట్టుకు ఇవతలివారు గట్టును నమ్ముకోవచ్చు. అవతలివారు నమ్ముకోగలిగింది ముందుగా అందే కబురు ఒక్కటే. లంకల్లో, గట్ల వెంట పల్లపు పేటల్లో నివసించేవారిలో దళిత కుటుంబాలు, వ్యవసాయ కూలీలు చాలామంది ఉన్నారు. మన సంఘాలు ఉన్నదీ వారి మధ్యనే. కనుక హెచ్చరిక అనేది కేవలం ఇంజనీర్ల విషయం కాదు, అది న్యాయానికి సంబంధించిన ప్రశ్న కూడా.

3. టముకు నుండి తీగ వరకు

పూర్వం లంకవాసులకు మొదటి హెచ్చరిక నీటి రంగే. వేసవిలో తేటగా ఉన్న నది తొలకరి తరువాత ఒండ్రు కలిసి ఎర్రబారుతుంది. ఎర్రనీరు వచ్చిందంటే పడవలు సరిచూసుకోవాలి, పశువులను గట్టుకు తోలడానికి సిద్ధంగా ఉండాలి. రేవులో పాతిన గుంజ, చెట్టు మొదలు, గుడి మెట్టు కొలబద్దలుగా పనిచేసేవి. ఫలానా మెట్టు మునిగితే ఫలానా పేటలోకి నీరు వస్తుందని పెద్దలకు తెలుసు.

ప్రభుత్వ కబురు మరో దారిలో వచ్చేది. తాలూకా కచ్చేరీ నుండి మునసబుకు, కరణానికి, వారి నుండి తలయారికి, అతడి టముకు ద్వారా ఊరికి చేరేది. ఈ వ్యవస్థలో కులాధిక్యత ఉంది, నిర్లక్ష్యమూ ఉంది. ఊరి నడిబొడ్డున మోగిన టముకు పల్లపు పేటకు వినిపించిందా లేదా అని ఎవరూ అడగకపోవచ్చు. అయినా ఈ పని ఫలానావారిదని ఊరికి తెలుసు. 1984లో కరణం, మునసబు వ్యవస్థ రద్దయింది. అది అవసరమైన సంస్కరణే. అయితే రెండేళ్లకే, 1986లో, గోదావరి తన చరిత్రలోనే పెద్ద పరీక్ష పెట్టింది.

4. 1953, 1986

1953 ఆగస్టులో భద్రాచలం దగ్గర నీటిమట్టం 72.1 అడుగులకు చేరింది. ఒక తరం పాటు గోదావరి వాసులు వరదను దానితోనే పోల్చి చూశారు. దేశంలో శాస్త్రీయ వరద సూచన ప్రారంభమైనది ఆ తరువాత, 1958లో, ఢిల్లీ దగ్గర యమునా నది మీద. క్రమంగా కేంద్ర జలసంఘం ఆ విధానాన్ని గోదావరికీ విస్తరింపజేసింది.

1986 ఆగస్టు 16న భద్రాచలం దగ్గర నీరు 75.6 అడుగులకు చేరింది. ఆ రికార్డు ఇప్పటికీ చెదరలేదు. ధవళేశ్వరం దగ్గర సుమారు 35 లక్షల క్యూసెక్కుల నీరు సముద్రానికి పోయింది. కోనసీమలో గట్లు తెగి ఊళ్లకు ఊళ్లు మునిగాయి. ‘యాభై మూడు నాటి నీరు మా అరుగు దాటలేదు’ అని ధైర్యంగా ఉండే ఇంటికి ఆ మూడున్నర అడుగుల తేడా అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. గత వరద జ్ఞాపకం మనిషికి జ్ఞానమిస్తుంది. దాన్నే హద్దుగా భావిస్తే ఆ జ్ఞాపకమే ఉచ్చు అవుతుంది.

5. మూడు హెచ్చరికలు, వాటి అర్థం

నేడు భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది జారీ చేస్తారు. ధవళేశ్వరం బ్యారేజి దగ్గర అవి 11.75, 13.75, 17.75 అడుగులు. భద్రాచలం నీరు ధవళేశ్వరం చేరడానికి సాధారణంగా ఒక రోజు అటూ ఇటూగా పడుతుంది. లంకవాసికి దొరికే గడువు దాదాపు అంతే.

ఈ అంకెల విషయంలో రెండు చిక్కులున్నాయి. మొదటిది, ఇవి నది లోతు కాదు, ఆయా కొలబద్దల మీద గుర్తులు మాత్రమే. కేంద్ర జలసంఘం పత్రాల్లో మట్టం సముద్రమట్టం నుండి మీటర్లలో ఉంటుంది, ప్రజలు వినేది అడుగుల్లో. రెండవది, ఒక చోటి అంకె మరో చోటికి నేరుగా వర్తించదు. 2006 ఆగస్టులో భద్రాచలం దగ్గర 66.9 అడుగులు నమోదైంది, ధవళేశ్వరం దగ్గర ప్రవాహం సుమారు 28.5 లక్షల క్యూసెక్కులు. 2022 జూలై 16న భద్రాచలం దగ్గర 71.3 అడుగులు వచ్చింది, ధవళేశ్వరం దగ్గర ప్రవాహం మాత్రం సుమారు 25.8 లక్షలే. పైన ఎక్కువ, కింద తక్కువ! శబరి కలిసేది భద్రాచలానికి దిగువన కనుక అక్కడి కొలబద్దకు శబరి సంగతి పూర్తిగా తెలియదు. కాబట్టి ‘భద్రాచలంలో ఎంత?’ అని అడిగితే చాలదు. ‘అది మన రేవులో ఎంత?’ అన్న ప్రశ్నకు కూడా జవాబు ఉండాలి.

6. జ్ఞాపకం తప్పిన చోట

2022 వరద మరో పాఠం నేర్పింది. 1953, 1986, 1990, 2006 – ఈ నాలుగు పెద్ద వరదలూ ఆగస్టులోనే వచ్చాయి. అందువల్ల పెద్ద నీరు శ్రావణంలోనే అన్న నమ్మకం బలపడింది. 2022లో అది జూలై మధ్యలోనే వచ్చింది. భద్రాచలం దగ్గర 70 అడుగులు దాటడం 1990 తరువాత అదే మొదటిసారి. అంటే ముప్ఫై ఏళ్ల లోపు వారెవరూ అంతటి నీటిని చూసి ఎరుగరు.

నది కూడా మునుపటిలా లేదు. పోలవరం దగ్గర కాఫర్ డ్యాం నిర్మాణం తరువాత, 2019 నుండి, దాని ఎగువన దేవీపట్నం ప్రాంతపు గ్రామాలు పాత గుర్తులతో అంచనా వేయలేని విధంగా మునిగాయి. తాతలనాటి మెట్టు గుర్తు అక్కడ పనికిరాకుండా పోయింది. మరోవైపు, 2014లో రాష్ట్రం విడిపోయాక భద్రాచలం కొలబద్ద తెలంగాణలో ఉండిపోయింది. కూనవరం, చింతూరు, వరరామచంద్రపురం మండలాలు ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చాయి. నీరు సరిహద్దు దగ్గర ఆగదు. కబురు మాత్రం ఆగకుండా ఇద్దరు అధికారుల మధ్య దాటాలి.

7. ఒక చిన్న లంక: సంసిద్ధత అంటే ఏమిటి?

పి.గన్నవరం మండలంలోని బూరుగులంక, ఊడిమూడిలంక, అరిగెలవారిపేట వంటి గ్రామాలను తీసుకుందాం. ఎండాకాలంలో పాయ మీద తాత్కాలికంగా వేసుకున్న గట్టు వరద రాగానే కొట్టుకుపోతుంది. ఆ తరువాత బడికి, ఆసుపత్రికి, సంతకు పడవే దిక్కు. ఇలాంటి చోట హెచ్చరిక అందింది అనడానికి నాలుగు మెట్లున్నాయి: వినాలి, అర్థం కావాలి, నమ్మాలి, వెళ్లడానికి దారి ఉండాలి. ఈ నాలుగింటిలో ఏది లోపించినా పై మూడూ వ్యర్థమే.

సెల్‌ఫోన్ సందేశం మొదటి మెట్టు మాత్రమే. దాన్ని ఊరి గుర్తుల్లోకి మార్చాలి. వంతెన స్తంభం మీద, బడి గోడ మీద పాత వరదల మట్టాలను రంగుతో గీసి సంవత్సరం రాయడం తక్కువ ఖర్చుతో అయ్యే పని. ఇక జనం ఎందుకు కదలరో కూడా గ్రహించాలి. మూర్ఖత్వం వల్ల కాదు. పాడిగేదెను వదిలి వెళ్లలేరు, సామాను దొంగల పాలవుతుందని భయం, పునరావాస కేంద్రంలో మర్యాద దక్కదన్న అనుభవం, పోయినసారి వెళితే నీరు రాలేదన్న విసుగు. పశువులకు గట్టు మీద చోటు, గడ్డి చూపిస్తే మనుషులు తామే బయలుదేరుతారు.

8. సంఘ బాధ్యత

యెహెజ్కేలు గ్రంథం 33వ అధ్యాయంలోని కావలివాని గురించి మనం తరచుగా సువార్త ప్రకటనకు అన్వయించి ప్రసంగిస్తాము. అది సరియే. కానీ అక్కడ ఉపమానానికి ఆధారమైనది ప్రాకారం మీద నిలబడి నిజమైన ప్రమాదాన్ని చూసే నిజమైన కావలివాడు. అతడు చూసి ఊరుకుంటే చూడనట్టే. ఊరికి వినిపించేలా బూర ఊదినప్పుడే అతడి బాధ్యత తీరుతుంది. ఆదికాండము 41లో యోసేపు కూడా కరువును గురించి చెప్పి ఊరుకోలేదు, సమృద్ధి ఉండగానే గిడ్డంగులు నింపించాడు. వరదను బాధితుల పాపానికి శిక్షగా బోధించేవారు ఈ రెండు భాగాలను మరొకసారి ధ్యానించడం మేలు. మునిగేది పాపం ఎక్కువైన ఇల్లు కాదు, పల్లంలో ఉన్న ఇల్లు.

ఆచరణలో సంఘం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. జూన్ నెలలోనే వృద్ధులు, గర్భిణులు, వికలాంగులు, ఒంటరివారు ఏ ఇంట ఉన్నారో మతభేదం లేకుండా జాబితా రాయాలి. ఒక్కొక్కరికి ఒక యువకుణ్ణి పేరు పెట్టి నియమించాలి. పడవ ఎవరిదో, రాత్రివేళ నడిపేదెవరో ముందే నిర్ణయించాలి. రేషన్ కార్డు, పాస్‌పుస్తకం వంటి కాగితాలను ప్లాస్టిక్ సంచిలో కట్టి ఉంచమని ప్రతి ఇంటికీ చెప్పాలి. మందిరంలోని మైకు ఆరాధనకే కాక హెచ్చరికకూ వాడవచ్చునని గ్రామ సచివాలయానికి తెలియజేయాలి. మందిరమే పల్లంలో ఉంటే దాన్ని ఆశ్రయంగా చూపకూడదు. విశ్వాసులు దేవుని ఇల్లు కదా అని అక్కడే ఆగిపోయే ప్రమాదముంది. అన్నిటికంటే ముఖ్యం, కాపరి వదంతులను ప్రకటించకూడదు. అధికారిక మట్టాన్ని తెలుసుకుని, దానిని ఊరి గుర్తులో చెప్పాలి. ఒకసారి అబద్ధమని తేలిన హెచ్చరిక రెండవసారి ప్రాణం తీస్తుంది.

ముగింపు

కాటన్ నాటి కొలబద్ద నుండి నేటి సెల్‌ఫోన్ వరకు గోదావరిని గమనించే కన్ను ఎంతో నిశితమైంది. 1953 జ్ఞాపకం 1986లో, ఆగస్టు నమ్మకం 2022లో, పాత మెట్టు గుర్తు పోలవరం ఎగువన విఫలమయ్యాయి. అయినా ప్రతిసారీ పొరుగువాని తలుపు తట్టిన మనిషి మాత్రం వ్యర్థం కాలేదు. ఆ మనిషి ఎవరన్నది వరద రాకముందే నిర్ణయం కావాలి. మన వేదాంత విద్యార్థులు సెలవుల్లో తమ ఊరికి వెళ్లినప్పుడు పెద్దలను అడిగి పాత వరదల మట్టాలను, సంవత్సరాలను, నీరు మొదట ప్రవేశించే దారులను రాసి తెస్తే అది సంఘ చరిత్రకు విలువైన చేర్పు అవుతుంది. 1986 నాటి నీటిని చూసిన తరం ఇంకా మన మధ్య ఉండగానే ఆ పని జరగాలి.