జ్వరం, మస్టరు, సడలింపు

2020 ఏప్రిల్ చివరివారంలో కృష్ణాజిల్లా కలెక్టరు చేసిన హెచ్చరిక ఒకటి దేశవ్యాప్తంగా పత్రికల్లో వచ్చింది. విజయవాడ కృష్ణలంకలో ఒక లారీ డ్రైవరు పొద్దుపోక ఇరుగుపొరుగు వాళ్ళతో పేకాట ఆడాడనీ, ఆడవాళ్ళు ఒకచోట చేరి తంబోలా ఆడారనీ, ఆ ఆటల మూలంగా 24 మందికి కరోనా సోకిందనీ అందులోని సారాంశం. కార్మికనగర్‌లో మరో డ్రైవరు మూలంగా ఇంకో 15 మందికి సోకిందని కూడా చెప్పారు. ఆ వార్త చదివిన రోజున నేనూ అందరిలాగే డ్రైవరును తిట్టుకున్నాను. పేకముక్కలు లేకపోతే ఇంతమంది మంచాన పడేవారు కాదు గదా అనుకున్నాను.

తర్వాత తీరిగ్గా ఆలోచిస్తే ఆ వార్తలో లేని సంగతి ఒకటి నన్ను పట్టుకుంది. ఇల్లు కదలవద్దని దేశాన్నంతా శాసించిన రోజుల్లో ఆ డ్రైవరు ఊళ్ళు ఎందుకు తిరిగినట్టు? తిరగమన్నారు గనుక తిరిగాడు. నిత్యావసర సరుకుల రవాణాకు మొదటి రోజునుంచే మినహాయింపు ఉంది. ఏప్రిల్ 15న కేంద్ర హోం శాఖ ఇచ్చిన మార్గదర్శకాలు లారీకి ఇద్దరు డ్రైవర్లను, ఒక సహాయకుణ్ణి అనుమతించి, 20వ తేదీనుంచి సరుకులన్నిటి రవాణాకూ దారి తెరిచాయి. మన వంటింట్లోకి పప్పూ ఉప్పూ వచ్చింది ఆ దారినే. రోగం కూడా ఆ దారినే వచ్చి ఉంటే దానికి బాధ్యత పేకముక్కదా, పనిదా? ట్రిప్పు దిగిన మనిషి పద్నాలుగు రోజులు ఇంట్లో ఒక గదిలో కూర్చోవాలన్నారు. ఆ గది ఎవరింట్లో ఉంది, ఆ పద్నాలుగు రోజుల బత్తా ఎవరిస్తారు అన్న ప్రశ్నలు ఏ ప్రకటనలోనూ కనిపించలేదు. కృష్ణలంక ఇళ్ళు చూసినవారికి మొదటి ప్రశ్నకు జవాబు తెలుసు. అక్కడ మనిషికొక గది కాదు, కుటుంబానికొక గది.

రెండవ ప్రశ్నకు జవాబు వెతకాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

మన భాషలో 'నాగా' అనే మాట ఉంది. పనికి రాని రోజు నాగా. ఎందుకు రాలేదన్నది ఆ మాటకు పట్టదు. తాగి పడుకున్నా నాగాయే, బిడ్డ చచ్చినా నాగాయే, నూటమూడు జ్వరంతో మూలిగినా నాగాయే. డెల్టా గ్రామాల్లో ఏడాది జీతానికి కుదిరిన పాలేరు జబ్బుపడిన రోజులు లెక్కగట్టి, ఏడాది ముగిశాక అన్ని రోజులూ ఉత్తినే పనిచేసి తీర్చేవాడని మా పెద్దల నోట విన్నాను. అంటే జ్వరం కూడా ఆసామి దగ్గర చేసిన అప్పే. ఆనకట్ట కట్టి (1852లో మొదలుపెట్టి 1855లో పూర్తిచేశారు) డెల్టాను ధాన్యాగారం చేసిన కథను మనం గర్వంగా చెప్పుకుంటాం. ఆ ధాన్యాన్ని పండించిన చేతుల జబ్బు రోజుల లెక్క మాత్రం ఆసాముల చిట్టాల్లోనే మిగిలిపోయింది.

1918లో వచ్చిన ఇన్‌ఫ్లుయెంజా మన దేశంలో మొదట బయటపడింది బొంబాయి రేవులో. జూన్ 10న రేవు కాపలాలో ఉన్న ఏడుగురు పోలీసు సిపాయిలు జ్వరంతో ఆసుపత్రిలో చేరారు. అది పనిచేసే చోట అంటుకున్న జ్వరం. అక్కడినుంచి రైలుపట్టాల వెంబడి దేశమంతా పాకింది. ఆ ఏడు వర్షాలు సరిగా లేవు, యుద్ధం మూలంగా ధరలు మండిపోతున్నాయి. సెప్టెంబరులో మద్రాసు నగరంలోనూ రాజధానిలోని ఇతర ప్రాంతాల్లోనూ జనం ధాన్యం అంగళ్ళను లూటీ చేశారు. దేశంలో ఆ వ్యాధికి బలి అయినవారు కోటి ముప్పయి లక్షలకు పైనేనని ఒక లెక్క, కోటీ ఎనభై లక్షల దాకా అని మరొక లెక్క. బొంబాయి రాజధాని కంటే మద్రాసు రాజధానిలో మరణాలు తక్కువ. అయితే ఆకలీ జ్వరమూ కలిసివచ్చిన కుటుంబానికి ఆ తారతమ్యం వల్ల ఒరిగిందేమీ లేదు. అదే 1918 ఏప్రిల్ 27న మద్రాసులో లేబర్ యూనియన్ పుట్టింది. మధ్యాహ్నం అన్నం తినడానికిచ్చే వ్యవధి చాలడం లేదన్నది ఆ మిల్లు కార్మికుల తొలి ఫిర్యాదుల్లో ఒకటి. అన్నానికే తీరికలేని చోట జ్వరానికి తీరిక అడిగేదెవరు?

ప్రభుత్వం చేతిలో అప్పటికే 1897 నాటి అంటువ్యాధుల చట్టం ఉంది. బొంబాయి ప్లేగు కోసం చేసిన నాలుగు సెక్షన్ల చట్టమది. తనిఖీ చేయవచ్చు, విడిగా ఉంచవచ్చు, మాట వినకపోతే శిక్షించవచ్చు. విడిగా ఉంచిన మనిషి ఏం తింటాడో అందులో లేదు. 2020లో మన రాష్ట్రాలన్నీ దుమ్ము దులిపి తీసింది ఈ చట్టాన్నే. ఏప్రిల్ 22న దానికి సవరణగా ఒక ఆర్డినెన్సు వచ్చింది. వైద్య సిబ్బందిపై దాడి చేసేవారికి శిక్షలు పెంచారు. అది అవసరమే. కూలి ఊసు మాత్రం ఈసారీ లేదు.

జబ్బుపడిన కార్మికుడికి కూలి రావాలన్న ఆలోచన మన దేశంలో చట్టంగా మారడానికి చాలాకాలం పట్టింది. 1944లో అదార్కర్ నివేదిక, 1948లో ఈఎస్ఐ చట్టం. 2020లో అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం నెలకు 21,000 రూపాయలకు మించని జీతగాళ్ళకు, ఏడాదిలో 91 రోజుల వరకు, జీతంలో 70 శాతం అనారోగ్య భృతి. మొదటి రెండు రోజులకు మామూలుగా ఏమీ లేదు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ అంటువ్యాధిలో ఆ మొదటి రెండు రోజులే ముఖ్యం. ఒళ్ళు వెచ్చబడి, ఇది పడిశమా మరొకటా అని మనిషి తేల్చుకోలేని రోజులవి. ఆ రెండు రోజులూ పనికి రప్పించే విధంగానే అప్పటి చట్టం ఉండేది. పైగా పదిమంది కంటే తక్కువ పనిచేసే చోటికి అది అప్పట్లో వచ్చేది కాదు. ఊడ్పు కూలీలకూ, గవర్నరుపేట కొట్ల ముందు బస్తాలు మోసే ముఠా కార్మికులకూ దాని పేరైనా తెలియదు. ముఠాలో ఆనాటి మోతకూలి ఆనాడు వచ్చినవాళ్ళే పంచుకుంటారు. రానివాడికి వాటా లేదు. ఎకరానికింతని గుత్తకు ఒప్పుకున్న ఊడ్పుల్లో ఒకామె రాకపోతే ఆమె మునుం తక్కినవాళ్ళు నాటాలి. ఒక్కరి జ్వరం పదిమందికి బరువయ్యే చోట జ్వరాన్ని దాచడం ఒక విధమైన మర్యాద కూడా అవుతుంది. దీన్ని ఉత్త అజ్ఞానమని కొట్టిపారేసే డాక్టర్లతో నేను ఏకీభవించలేను.

ఇక సడలింపుల సంగతి. 2020 మార్చి 29న కేంద్ర హోం శాఖ ఒక ఉత్తర్వు ఇచ్చింది. మూతపడిన కాలానికి యజమానులు కోత లేకుండా జీతాలు చెల్లించాలని. అమలయిందా లేదా అన్నది వేరే మాట. అడిగేవాడి చేతిలో ఒక కాగితమైతే ఉంది. మే 4న మన రాష్ట్రంలో మద్యం దుకాణాలు తెరిచారు. రెండు రోజుల్లో ధరలు మొత్తం మీద 75 శాతం పెంచారు. వరసలు చూసి అందరూ నవ్వుకున్నారు, వ్యంగ్య కవితలు వచ్చాయి, నేనూ ఒకటి రాశాను. నవ్వుకోవలసిన తేదీ అది కాదని ఇప్పుడనిపిస్తున్నది. మే 17న నాలుగో విడత మార్గదర్శకాలు వచ్చినప్పుడు, 18నుంచి ఆ మార్చి 29 ఉత్తర్వు రద్దయిపోయింది. పనిచోట్లు తెరుచుకునే వేళకు సరిగ్గా జీతం బాధ్యత సడలిపోయింది. జూన్ 12న సుప్రీంకోర్టు, యజమానులూ కార్మికులూ మాట్లాడుకొని తేల్చుకోండని చెప్పింది. మాట్లాడుకోవడమంటే ఏమిటో బెజవాడ గుమాస్తాలకు చెప్పనక్కరలేదు. జ్వరం వస్తే రావద్దన్న నియమం సడలలేదు. జ్వరం వచ్చినవాడికి కూలి ఇవ్వాలన్న నియమం సడలింది. చరిత్ర విద్యార్థులు ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చదవాలని నా మనవి.

ప్రభుత్వ సహాయం అసలు లేదనను. ఏప్రిల్ 4న రేషను కార్డున్న కుటుంబానికి 1,000 రూపాయలు వాలంటీర్లు ఇంటికి తెచ్చి ఇచ్చారు. ఆ ఏడు మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 237. అంటే ఆ సొమ్ము నాలుగు రోజుల కూలి. పద్నాలుగు రోజులకు 3,318 కావాలి. మిగిలిన పది రోజులకు ఆ కుటుంబం దగ్గర ఉన్నది ఒకటే: జ్వరం లేదని చెప్పడం.

ఇక్కడ నా సంగతి చెప్పక తప్పదు. అప్పుడు నేను విజయవాడలో ఒక ముద్రణాలయంలో ప్రూఫులు చూసేవాణ్ణి. పేరు అనవసరం. కాగితాల మీద తొమ్మిదిమందిమి, నిజానికి పద్నాలుగుమందిమి. మస్టరు పుస్తకం నా బల్లమీద ఉండేది. జూన్‌లో తిరిగి తెరిచాక గుమ్మం దగ్గర నుదుటికి గురిపెట్టే జ్వరం మిషను ఒకటి కొన్నారు. ఎర్ర అంకె వస్తే వెనక్కి పంపాలి, ఆ రోజు నాగా. వారం తిరిగేసరికి అందరికీ ఉపాయం తెలిసిపోయింది. ఎదురు టీకొట్టు దగ్గర పారాసెటమాల్ బిళ్ళ వేసుకొని, అరగంట నీడలో నిలబడి లోపలికి రావడం. నాకు తెలుసు. చూసీ చూడనట్టున్నాను. జూలైలో ఒక బైండరు, ముప్పయి ఏళ్ళవాడు, 'గురువుగారూ, ఒళ్ళంతా నొప్పులుగా ఉంది, రేపు రాలేనేమో' అన్నాడు. పాఠ్యపుస్తకమొకటి గడువు మీద ఉంది. 'ఈ రెండు రోజులూ ఎట్లాగో లాగించెయ్యవయ్యా' అన్నాను. లాగించాడు. ఆ వారంలో ముగ్గురు మంచం పట్టారు. అందులో పెద్దాయన, కుట్టుపని చేసే ఆయన, తిరిగి రాలేదు.

మన 1988 నాటి దుకాణాల, సంస్థల చట్టంలో జబ్బు తదితర కారణాలకు ఏడాదికి 12 రోజుల వరకు జీతంతో సెలవు రాసి ఉందని నాకు ఆ తర్వాత తెలిసింది. ముప్పయ్యేళ్ళు కార్మికుల గురించి వ్యాసాలు రాసినవాడికి తెలియని చట్టం, బైండరుకు ఎట్లా తెలుస్తుంది?

మన సాహిత్యం వైపు కూడా ఒకసారి చూడాలి. 1918 జ్వరంలో భార్యనూ ఇంట్లో పలువురినీ పోగొట్టుకున్న నిరాలా ఆ కాలాన్ని హిందీలో 'కుల్లీ భాట్'లో రాసిపెట్టాడు. తెలుగులో నేను చదివినంతలో అటువంటి పుట నాకు తగలలేదు. 2020లో మనం రహదారి మీద నడిచే పాదాల గురించి చాలా రాశాం. అందులో నిజాయితీ ఉంది. నడిచే పాదాలు మనకు కనిపించాయి. మిషను దగ్గర జ్వరంతో నిలబడిన పాదాలు కదలవు గనుక కనిపించలేదు. అంతేకాక జ్వరంతో పనిచేయడాన్ని మనం మెచ్చుకుంటూ వచ్చాం. 'నూటరెండు జ్వరంతోనే సభకు వచ్చాడు, కార్యకర్త అంటే అతను' అని నివాళి వ్యాసాల్లో మనమే రాశాం. యజమాని కోరే గుణాన్నే మనం ఉద్యమ గుణంగా పొగిడామేమోనని నా అనుమానం. కాదనేవారు జవాబు రాస్తే సంతోషిస్తాను.

2021 మే 5నుంచి రాష్ట్రంలో ఉదయం 6నుంచి 12వరకే పనులకు అనుమతి ఇచ్చారు. జూన్‌లో క్రమంగా సాయంత్రం 6దాకా పెంచారు. పన్నెండు గంటల మోత ఆరుగంటల్లో మోసిన ముఠాలకు రద్దీ తగ్గిందో పెరిగిందో మార్కెట్టు చూసినవారు చెప్పాలి. 2022 జూలైలో పారిశుద్ధ్య కార్మికులు రాష్ట్రమంతటా సమ్మెకు దిగారు. వారి ముఖ్యమైన కోరికల్లో ఒకటి నెలకు 6,000 రూపాయల ఆరోగ్య భత్యం కొనసాగించడం. 15,000 జీతంతోపాటు అదీ ఇస్తామని ప్రభుత్వం ఒప్పుకుంది. పోరాడి గెలుచుకున్నదాన్ని తక్కువ చేయను. అయితే భత్యం జబ్బును భరించడానికి ఇచ్చే ధర. పడుకోవడానికి ఇచ్చే రోజు దానికంటే వేరు. ఆ రోజును అడిగే సమ్మె ఇంకా నేను చూడలేదు.

మా ముద్రణాలయం తర్వాత చేతులు మారింది. పాత పుస్తకాలు చిత్తుకాగితాల వాడికి వేస్తుంటే ఆ ఏడాది మస్టరు నేను తెచ్చుకున్నాను. జూలై పుటలో కుట్టుపని పెద్దాయన పేరుకు ఎదురుగా పదకొండు గళ్ళలో 'నా' అని ఉంది. పన్నెండో గడినుంచి ఖాళీ. ఆ పదకొండు అక్షరాలూ నా దస్తూరీయే.