లూమీ (ఎండు నిమ్మ)

చిన్న నిమ్మకాయలను ఉప్పునీళ్లలో కాసేపు ఉడికించి, లోపలి తడంతా పోయేదాకా ఎండబెడితే లూమీ తయారవుతుంది. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో మాంసం, చేపల కూరలకు పులుపునిచ్చే సరుకుల్లో ఇది ముఖ్యమైనది. ఇరాన్‌లో దీన్ని ఒమన్ నిమ్మ అనీ, ఇరాక్‌లో బస్రా నిమ్మ అనీ అంటారు. కాయ మాత్రం మన గూడూరు తోటల్లో కాసే పుల్లనిమ్మ జాతిదే.

దుబాయిలో డేరా మసాలా బజారుకు వెళ్తే లేత గోధుమరంగు కాయలు, నల్లవి రెండూ దొరుకుతాయి. నల్లవాటికి ఘాటెక్కువ. మంచి కాయను చేతిలోకి తీసుకుంటే బరువే తెలియదు. నొక్కితే మెత్తగా తగిలిందంటే లోపల తేమ ఉన్నట్టే. ఒకటి పగలగొట్టి చూడటం మేలు: తొనలు నల్లగా, పొడిగా, నిగనిగలాడుతూ ఉండాలి. తెల్లగానో పచ్చగానో బూజు కనిపిస్తే ఆ సరుకు వద్దు. పొడి కొనడం కన్నా కాయ కొనడమే నయం. పొడిలో గింజలు కలిశాయో లేదో తెలియదు, చేదంతా వాటిలోనే ఉంటుంది.

గాలి చొరని డబ్బాలో పోసి, పొయ్యికి దూరంగా పెడితే కాయలు ఏడాది పైనే నిలుస్తాయి. గల్ఫ్ తీరంలో వేసవి ఉక్కపోతకు మూత సరిగా లేని డబ్బాలో త్వరగా తేమ చేరుతుంది. పొడి వాసన కొద్ది నెలలకే తగ్గిపోతుంది కాబట్టి ఎప్పటికప్పుడు దంచుకోవాలి.

మాంసం, బియ్యం కలిపి వండే మచ్బూస్‌లో రెండు మూడు కాయలకు తూట్లు పొడిచి వేస్తారు. తూట్లు లేకుంటే కాయ తేలుతూనే ఉంటుంది, పులుపు దిగదు. ఉడికి మెత్తబడ్డాక అన్నం మీద పిండుకోవచ్చు, గింజలు ఏరేసి తొక్కతో సహా తినొచ్చు. పగలగొట్టి, గింజలు తీసి, చక్కెరతో మరిగిస్తే లూమీ చాయ్. పప్పుచారులోనూ బాగా కుదురుతుంది. అయితే చింతపండులా చిక్కదనం ఇవ్వదు కనుక పప్పు కాస్త ఎక్కువ మెదుపుకోవాలి.

లూమీకి కాయలిచ్చే ఈ నిమ్మచెట్లను గల్ఫ్ ప్రాంతంలో విచెస్ బ్రూమ్ తెగులు దారుణంగా దెబ్బతీసింది. ఇది సోకితే కొమ్మల చివర చిన్న చిన్న ఆకులు చీపురుకట్టలా గుబురుగా పుట్టుకొస్తాయి, కాపు పడిపోతుంది, కొన్నేళ్లకు చెట్టే ఎండిపోతుంది. 1970లలో ఒమన్‌లో బయటపడిన ఈ తెగులు 1989లో ఎమిరేట్స్‌లో, 1997లో ఇరాన్‌లో కనిపించింది. దీనికి కారణం ఫైటోప్లాస్మా అనే సూక్ష్మజీవి. సోకిన చెట్టుకు మందు లేదు, కొట్టి తగలబెట్టడమే.